ఇంటిలో చేతిపని

గడచిన సంక్రాంతి సెలవులలో గుడివాడలో మా మిత్రుల యింట రెండు దినములుంటిమి. ఆ యింటి బాలికకు పదునాలుగేండ్లు. తల్లి తెప్పించి యిచ్చిన అట్టపెట్టె యొకటి ఆమె ముందున్నది. అందులో గీతలు ముందే అచ్చువేసిన గుడ్డపటము, గీతల నడుమ గడులు, గడులలో అంకెలు, ఆ అంకెలే మూతలపై గల పండ్రెండు రంగుబుడ్లు, రెండు కుంచెలు కలవు. ఒకటవ అంకె గడిలో ఒకటవ బుడ్డి రంగు, రెండవ అంకె గడిలో రెండవది నింపవలయును. రెండు పూటలలో నెమలి పూర్తియయ్యెను. పండుగకు వచ్చిన చుట్టములెల్లరు చూచి బాగున్నదనిరి. బాలిక మాత్రము పటమును గోడకానించి కొంతసేపు చూచి, "ఇందులో నేను చేసినదేమున్నదండీ, బాబాయిగారూ?" అని మమ్మడిగెను.

మేము అప్పుడేమియు చెప్పలేదు. చెప్పవలసినది తెలియక కాదు. పెట్టె తెప్పించిన తల్లి పక్కనే యుండుటచేత నోరాడలేదు. ఆ మొగమోటమి యిక్కడ అక్కరలేదు గావున, నాడు మ్రింగిన మాట నేడు ఈ పత్రికాముఖమున చెప్పుచున్నాము. అమ్మాయీ, అందులో నీవు చేసినది ఏమియు లేదు. నెమలిని ఎవడో గీచినాడు, రంగులను ఎవడో కలిపినాడు, ఏ రంగు ఎక్కడ నుండవలయునో ఎవడో నిర్ణయించినాడు. నీకు మిగిలినది కూలి. అదియు నీవే సొమ్మిచ్చి చేసిన కూలి. నీ ప్రశ్న మాత్రము నీదే; ఆ యింట ఆ రెండు దినములలో మేము చూచిన వస్తువులలో ఒకరు సొంతముగా చేసినది అదియొక్కటే.

నేడు ఇండ్లలో చేతిపనిని గూర్చిన ప్రబోధమునకు లోటు లేదు. సెల్‌ఫోను తెరచినచో అయిదు నిమిషములలో పూలబుట్ట అల్లించువారు, పది నిమిషములలో పాత సీసాను దీపముగా మార్పించువారు వరుస కట్టి కనిపించుచున్నారు. చేతిపని మనస్సునకు నెమ్మది నిచ్చునని కొందరు, పిల్లలను తెరల నుండి మరల్చునని కొందరు, ఇంటనుండియే నాలుగు డబ్బులు తెచ్చునని మరికొందరు చెప్పుచున్నారు. వీటిలో మొదటి రెండును నిజమే కావచ్చును. మూడవదానిని గూర్చి తరువాత చెప్పెదము. మేము చేతిపనికి విరోధులము కాము. అది ప్రతి యింట నుండవలయునని కోరువారిలో మొదటివారము. మా తగవంతయు ఆ పెట్టెతోడనే. తప్పు చేయుటకు తావులేని పని పని కాదు. తప్పులేనిచోట చేతికి నేర్పు పట్టదు; నేర్పు పట్టని చేయి మరియొక పెట్టె కొరకు చాచుకొనును. పెట్టె చేయువానికి కావలసినదియు అదియే.

ఆ యింటనే చూచిన మరియొక సంగతి చెప్పవలసియున్నది. బాలికకు తమ్ముడు పండ్రెండేండ్లవాడు. అక్క రంగులు నింపుచున్నంతసేపును వాడు గుమ్మమునకానుకొని చూచుచునే యున్నాడు. వానికొక కుంచె ఈయకూడదా అని మేమడిగినప్పుడు తండ్రి నవ్వి, "వాడికి లెక్కలున్నవండీ" అనెను. తల్లి మరియొక మాట జోడించెను: ఆడపిల్లకు ఏదో ఒక చేతిపని వచ్చునన్న రేపు పెండ్లిచూపులలో చెప్పుకొనుటకు బాగుండునట. ఒకే మాటలో ఇద్దరు బిడ్డలకును అన్యాయము జరిగినది. ఆడపిల్లకు చేతిపని నగవలె తగిలించుటకు. మగపిల్లవానికి అది చేటు. మన సంస్కారాభిమానుల యిండ్లలోనే ఈ మాటలు వినబడుచుండగా, ఇతరుల నేమని నిందింతుము?

మరునాడు బందరు రైలెక్కితిమి. గుడివాడనుండి బందరు పోవు ఈ దారిలోనే పెడన కలదు. మా యెదుట కూర్చున్న యిల్లాలు కట్టినది నల్లయంచున ఎర్రపూవుల కలంకారీ చీర. మాటలలో ఆమె, ఇది అసలైన బందరు కలంకారీ, పెడనలోనే కొంటినని సంతోషముతో చెప్పెను. అది చెక్క అచ్చుతో ఒత్తినది కాదు. తెరమీదుగా రంగు గీచి తీసిన స్క్రీను ప్రింటు. పెడనలోనే కొన్నమాట నిజమే. అక్కడ రెండును దొరకును. మేము నోరు మెదపలేదు. ఏలయన, పదియేండ్ల క్రిందటివరకు మాకును ఆ భేదము తెలియదు. బందరులో పుట్టి, బందరులో పెరిగి, పది కిలోమీటర్ల దూరమున జరుగు పనిని ఒక్కనాడును పోయి చూడనివారము మేము. ఈ వ్యాసమునందలి నిందలో మొదటి పాలు మాదే యని చదువరులు గ్రహింతురుగాక.

భేదమెట్లు తెలియునందురా? అచ్చు ఒత్తిన గుడ్డను చేతిలోనికి తీసికొని చూడుడు. అచ్చు ప్రక్కన అచ్చు పెట్టుచు పోవుటచేత, రెండింటి నడుమ అతుకు ఎక్కడనో వెండ్రుకవాసి ఎడమైగాని, ఒకదానిపై నొకటి ఎక్కిగాని యుండును. ఒక పూవు రంగు చిక్కగను, దాని ప్రక్కపూవు ఇంచుక పలుచగను ఉండును. గుడ్డ తిరుగవేసిన రంగు వెనుకకు దిగియుండును. స్క్రీను ప్రింటులో పూవులన్నియు ఒక్క తల్లి కవలలవలె నుండును. ఇది ఒకనాటి చదువుతో వచ్చు తెలివి కాదు. తాను స్వయముగా నాలుగు అచ్చులు వంకరగా ఒత్తినవానికి మాత్రము క్షణములో వచ్చును.

ఈ తీరపు అద్దకపుగుడ్డ కొరకు ఒకప్పుడు దేశదేశముల ఓడలు బందరు రేవున లంగరు దించినవి. ఆంగ్లేయులు ఇచట వర్తకస్థానము నెలకొల్పినది 1611లో. డచ్చివారు అంతకు కొలది యేండ్లు ముందే వచ్చిరి. మన రంగుగుడ్డల తాకిడికి తమ నేతవారు నిలువలేరని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వాటిని నిషేధించెను. ఇంగ్లాండులో 1700లో ఒక చట్టము, చాలక 1721లో మరియొక చట్టము చేసిరి. చట్టము చేసినను రహస్యము తెలియలేదు. 1742లో కూర్దూ అను ఫ్రెంచి మతగురువు, తెలుగు నేర్చినవాడు, ఈ తీరపు అద్దకమువారి నడిగి తెలిసికొని, గుడ్డను ఉతుకుట మొదలు తుది రంగు వరకు పనియంతయు వివరించుచు తన దేశమునకు లేఖ వ్రాసెను. కరక్కాయలో ఎందుకు నానబెట్టవలయును, పాలెందుకు చేర్పవలయును, ఎంతసేపు ఎండబెట్టవలయును అని ఓపికతో అడిగి వ్రాసికొన్నాడు. సముద్రముల కవతలనుండి వచ్చినవాడు అడిగినాడు. రైలులో కొలది స్టేషనుల దూరమున నున్నవారము మనమడుగలేదు.

ఆ అద్దకపు రహస్యము ఇంపైనది గావున ఇంచుక చెప్పెదము. గుడ్డకు ఎర్రరంగు నేరుగా పూసిన నిలువదు. పనివాడు అచ్చును పటికనీటిలో ముంచి గుడ్డపై ఒత్తును. అప్పుడు కంటికి కనబడునది దాదాపు శూన్యము. ఆ గుడ్డను వేరు నుడికించిన నీటిలో వేసి కాచినప్పుడు పటిక తాకినచోట మాత్రమే ఎర్రదనము పట్టును. తక్కినచోట అంటిన రంగు ఉతుకులకును ఎండకును వదలిపోవును. పూర్వము ఇందులకు ఈ తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు వాడెడివారు. 1868లో జర్మనీ దేశమున గ్రేబె, లీబర్మన్ అను రసాయనజ్ఞులు ఆ ఎరుపునకు మూలమగు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. పిమ్మట చిరివేరు త్రవ్వువారు క్రమముగా లేకపోయిరి. అలిజరిన్‌తో చేసినను పటికయు, కాపును, పారునీటి ఉతుకును తప్పవు. స్క్రీను ప్రింటునకు ఇవేవియు అక్కరలేదు. అది ఒక పూటలో ముగియును, చవుకగా దొరకును. కొనువారికి కన్ను లేనప్పుడు అచ్చువాడు దానితో ఎట్లు పోటీపడగలడు? పెడన పనివారి కష్టమునకు కారణము యంత్రమని అందరు చెప్పుదురు. మేము చెప్పునది, యంత్రముకంటె ముందు మన అజ్ఞానమని. చూడనేర్చిన కొనుగోలుదారులు వేయిమంది ఈ మూడు తాలూకాలలో నుండినచో, ఏ అంగడివాడును తెరగుడ్డను అచ్చుగుడ్డయని చెప్పి అమ్మ సాహసింపడు.

ఇచ్చటనే మాకు ఎదురగు ప్రశ్న యొకటి కలదు. "అందరును ఇంటింట అచ్చులు ఒత్తుకొనుచు కూర్చున్నచో పెడనవారి నోట మట్టి పడదా?" అని దయాళువులు కొందరు అడుగుచున్నారు. ఇది దయవలె కనబడు సోమరితనము. ఇంట వీణ నేర్చినవారు వైణికుల కచ్చేరీ మానుకొందురా? టిక్కెట్టు కొని ముందు వరుసన కూర్చుండువారు వారే గదా. ఒక మూరెడు గుడ్డను తడిపి, ఆరబెట్టి, ఒత్తి, ఉతికి, అందులో సగము పాడుచేసికొన్న ఇల్లాలు, అయిదున్నర మీటర్ల చీర వెల విని "అంత యెందుకయ్యా?" యని బేరమాడదు. ఆడినను సిగ్గుతో ఆడును.

మన యిండ్లలో చేతిపనికి అడ్డము డబ్బు కాదు, తీరిక కాదు. చేతి యెడల చులకన. చదువు తలది, పని చేతిది; తల పెద్దకులముది, చేయి చిన్నకులముదియని వేలయేండ్లు నమ్మినవారము. కుమ్మరికి మట్టి, సాలెకు నూలు, కమ్మరికి ఇనుము, మేదరికి వెదురు పంచియిచ్చి, మనము మాత్రము కాగితము నుంచుకొంటిమి. కులభేదములు పోవలయునని సభలలో చెప్పువారు తమ యింటి పిల్లవాని చేతికి మట్టి యంటిన కొళాయివద్దకు పరుగెత్తింతురు. చేతిని అంటరానిదిగా నుంచినంతకాలము, ఆ చేతితో బ్రతుకువాని యెడల మన గౌరవము పైపూతయే.

ఈ మాట మేము క్రొత్తగా చెప్పునది కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, పుస్తకవిద్యయు చేతివిద్యయు ఒక్క కప్పుక్రింద నుండవలయుననుటయే వారి యుద్దేశము. ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు వంగదేశమునుండి వచ్చి అచట చిత్రలేఖనము నేర్పిరి. వారి శిష్యులు అడవి బాపిరాజుగారు న్యాయశాస్త్రము చదివియు కుంచె విడువలేదు. నవల వ్రాసిన చేతితోనే బొమ్మయు వేసిరి. గుడివాడ మిత్రునికి మేము ఈ పేరు చెప్పిన, ఆయన నవలలు తమకు తెలియుననియు, బొమ్మలు వేసిరని తెలియదనియు అనెను. బందరు సీమలోనే ఇట్లున్నది.

రాట్నపు కథయు ఇట్టిదే. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున ఇరువది లక్షల రాట్నములు తిరుగవలయునని తీర్మానించెను. భట్లపెనుమర్రున పుట్టిన పింగళి వెంకయ్యగారు గాంధీజీకి పతాకపు నమూనా చూపినదియు ఆ సమావేశములనాడే. ఈ డెల్టాలో ఎన్ని యిండ్లలో రాట్నము తిరిగినదో పెద్దల నోట విన్నారము. స్వరాజ్యము వచ్చినది, రాట్నము అటక యెక్కినది. ఎందుకని? అది ప్రతమువలె, కర్తవ్యమువలె వచ్చినది, ఇష్టమువలె రాలేదు. పిండినంత నూలు లెక్కకు రావలెనన్నారే గాని, సన్నని పోగు తీయుటలో నున్న సంతోషమును ఎవరును పిల్లలకు చెప్పలేదు. ఆ మహోద్యమమును తక్కువ చేయుట మా యభిప్రాయము కాదు. ఆజ్ఞతో వచ్చిన పని ఆజ్ఞతోడనే పోవునని మాత్రము దానివలన నేర్చికొంటిమి. నేటి పెట్టె అందుకు సరిగా తలక్రిందులు: అందులో సంతోషము కలదు, పని లేదు.

ఇక, ఇంటనుండి డబ్బు తెచ్చునను మాట. ఈ మాట చెప్పువారు నరసాపురము పోయి చూడవలయును. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ ప్రచారకుల మూలమున అక్కడ కుట్టు లేసు ప్రవేశించినది. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అక్కడి స్త్రీలతో మాటలాడి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వారు దినమంతయు కన్నులు పొడుచుకొని లేసు అల్లుచున్నను, వర్తకుడు వారిని పనివారని ఒప్పుకొనడు. "ఇల్లాండ్రు, తీరుబడి వేళ ఏదో అల్లుకొనుచున్నారు" అనును. తీరుబడి పనికి కూలి యేల? ఇష్టమున కోరినచో కాసులు చాలును. సరకు మాత్రము సముద్రములు దాటి పోవును, లాభము ఇల్లు దాటి పోవును. మా బందరులోనే చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతట తెలిసినవి. ఆ గొలుసులు ఇంటింట కూర్చి, అతికి కూలి తీసికొను స్త్రీల పనిని "హాబీ" యనుటకు ఎవరికైనను నోరెట్లు వచ్చును? కావున మా మాట ఇది: కూలికి చేయు పనిని కూలిపనియనుడు, దానికి న్యాయమైన కూలి యిండు. ఇష్టమునకు చేయు పనిని ఇష్టముగా నుంచుడు, దానిని అంగడికెత్తకుడు. రెండింటిని కలిపినచో ఒకరి యిష్టము చెడును, మరియొకరి కూలి చెడును.

ఇంతవరకు కాదనుటయే సరిపోయినది. ఇంట చేతిపని మొదలిడదలచినవారు ఏమి చేయవలయునని అడుగుట న్యాయము.

అంగడికి పోకమునుపు ఇల్లు చూచుకొనుడు. మన యాడువారు ప్రతియుదయమును వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయుచున్నారు. ఇన్ని చుక్కలకు ఇన్ని వరుసలు, ఈ గీత ఎక్కడ బయలుదేరి ఎక్కడ కలియవలయునని కాగితము లేకయే లెక్కించు ఆ చేయి పటము గీయలేదనుట వింత. అట్లతద్దె ముందునాడు గోరింటాకు రుబ్బి పెట్టుకొనుచున్నారు. అది అద్దకపు తొలిపాఠము కాదా? ఆకు పచ్చన, రంగు ఎరుపు. ఎంతసేపు ఉంచిన అంత పండును. చింతపండు చేర్చిన ఒకతీరు, చేర్పకున్న ఒకతీరు అని వాదించుకొను అక్కచెల్లెండ్రందరును ప్రయోగము చేయువారే. వినాయకచవితికి కాలువగట్టు మట్టి తెచ్చి విగ్రహము చేయవచ్చును. మన నల్లమట్టి ఆరిన పగులును. మొదటియేడు గణపతి బొజ్జ నిలువున చీలును. ఇసుకయో ఊకయో కలుపవలయునని అప్పుడు తెలియును. ముందే చెప్పుచున్నందుకు చింతించుచున్నాము. అది మీరే తెలిసికొనదగిన సంగతి.

దివిసీమవారికి మరియొక సంపద కలదు. కృష్ణ రెండు పాయలై సముద్రమును చేరు నడుమ నున్న ఆ సీమలో తాటిచెట్టు లేని గట్టు అరుదు, తుంగ మొలవని గుంట అరుదు. తాటాకుతో బుట్టయు, విసనకర్రయు, పిల్లల గిరగిరలును, పెండ్లికొడుకు పెండ్లికూతురు బొమ్మలును చేయుట అవనిగడ్డ, నాగాయలంక వైపు ముసలమ్మలకు చేతులకే తెలియును, నోటికి తెలియదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన ఆ సీమలో వేలమందిని పొట్టపెట్టుకొన్న పిమ్మట తాటాకిండ్ల స్థానమున పక్కాయిండ్లు లేచినవి. అది మేలే, తాటాకు కప్పును మరల కోరువాడు మూర్ఖుడు. కప్పు పోయినదని ఆకును మడచు నేర్పుకూడ పోవలసిన పనిలేదు. మీ యింట అట్టి ముసలమ్మ యున్నచో, ఈ వ్యాసము ఇక్కడ ఆపి ఆమె ప్రక్కన కూర్చుండుడు. ఫోనులోని వీడియో రేపును ఉండును.

బందరు, గుడివాడల పట్టణవాసులకు అద్దకముతో మొదలిడుడని మా సలహా. పాత నూలుపంచె నుండి మూరెడు గుడ్డ చింపుడు. గంజి పోవునట్లు రెండుమూడు మార్లు ఉతుకుడు. ఆయుర్వేదపు అంగడిలో దొరకు కరక్కాయల గింజ తీసి దంచి, ఆ పొడిని నీట నానబెట్టి, అందులో కాచని గేదెపాలు కలిపి, గుడ్డను ముంచి, పిండి, ఎండలో ఆరవేయుడు. పాలు లేనిచో సిరా ప్రాకి గీత చెదరును. వేరొక మట్టికుండలో తుప్పుపట్టిన మేకులు, బెల్లము, నీరు వేసి, పైన గుడ్డ వాసెన కట్టి, పెరటిలో రెండుమూడు వారములు విడువుడు. చెడువాసన వచ్చిన పని జరుగుచున్నదని తెలియుడు. వడగట్టిన ఆ ఇనుపనీరు పలుచని తేనీరువలె నుండును. వెదురుపుల్ల చివర గుడ్డపీలిక చుట్టి, దానిలో ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డపై గీత గీయుడు. చూచుచుండగనే గీత నల్లనగును. ఆ క్షణము కొరకే ఇంత చెప్పితిమి. అచ్చు కావలసినచో చెక్క చెక్కించుట పిదప; బెండకాయను అడ్డముగా కోసిన అయిదు రేకుల అచ్చు మీ వంటయింటనే యున్నది. వంటకు వాడు గిన్నెలు మాత్రము ఈ పనికి తేకుడు. నలుపు చేతికి లొంగిన పిమ్మట పటికకును మంజిష్ఠకును పోవచ్చును. ఒక యేడు పాటు ఈ యొక్కపనియే చేయుడు. వారమునకొక క్రొత్తపని మార్చువాడు అన్నిటిలోను మొదటి వారపు తప్పులే చేయుచుండును.

మరియొకటి: ఈ పని ఇంటిలో నలుగురును చూచుచోట జరుగవలయును, మగవారును చేయవలయును. తండ్రి చేయి నల్లబడని యింట కొడుకు చేయి నల్లబడదు.

గుడివాడ పిల్లవాడు వేసవిలో మా యింటికి వచ్చెను. లెక్కలు వెంట తెచ్చుకొనవలయునను షరతుతో తండ్రి పంపెను. మొదటి మారు మేమే తప్పుచేసితిమి: మట్టికుండ దొరకక మేకులు, బెల్లపునీరు ప్లాస్టిక్ సీసాలో పోసి మూత గట్టిగా బిగించితిమి. తొమ్మిదవనాటి మధ్యాహ్నము అది ఉబ్బి పగిలెను. మా పెరటిగోడపై మరక నేటికిని కలదు. పిల్లవాడు అంత నవ్వగా మేమెన్నడును చూడలేదు. రెండవమారు కుండ తెచ్చితిమి. వాడు నాలుగు వరుసల బెండకాయపూవులును, అంచున చుక్కలును ఒత్తెను; మూడు చుక్కలు వరుస తప్పినవి, ఒక మూల సిరా ప్రాకినది. ఆ గుడ్డను మడచి చొక్కాల నడుమ దాచి గుడివాడ తీసికొనిపోయెను. మిత్రుడు ఫోను చేసి చెప్పినది యిది: అక్క ఆ గుడ్డను చేతిలోనికి తీసికొని, తిరుగవేసి వెనుకవైపు చూచి, వరుస తప్పిన చుక్కలపై వ్రేలు పెట్టి, కరక్కాయ పొడి ఇంకను మిగిలియున్నదా యని తమ్ముని అడిగినదట.